మూడు కుట్లు

మైనపు సీసా నెత్తి మీద పగిలితే అప్పడం నలిపినట్టు చప్పుడొస్తుంది. ఆ సోమవారం పొద్దున పదకొండు గంటలకి వడపళని స్టూడియో రెండో షూటింగ్ ఫ్లోర్లో వచ్చింది ఆ చప్పుడు కాదు. కెమెరా పక్కన పౌడరు పఫ్ పట్టుకుని నిలబడ్డ మేకప్ మాన్ ఏకాంబరానికి అందరికంటే ముందు తెలిసిపోయింది. 'అయ్యో, గాజు సీసా!' అనుకున్నాడు. అనుకున్నాడు గాని, పైకి అనలేదు. టేక్ నడుస్తుండగా నోరు తెరిచినవాడికి కోడంబాకం స్టూడియోల్లో మర్నాడు పనుండదు.

సెట్టు దొంగబంగారం దాచే గోడౌను. హీరో ఉదయరాజన్ మారువేషంలో వచ్చిన పోలీసాఫీసరు. గోడౌన్ కాపలా రౌడీ కన్నాయిరం. పద్దెనిమిదేళ్ళుగా హీరోల చేత తన్నులు తింటున్న సైదాపేట కన్నాయిరం. బల్ల మీద తొమ్మిది సీసాలున్నాయి. ఎనిమిది గాజువి, అలంకారానికి. ఒకటి మైనంతో పోసింది, కొట్టడానికి. దాని మెడకి తెల్లదారం చుడతారు. దారం చూసి తియ్యాలి, అంతే. పాలు తాగే పిల్లాడికి చెప్పినా అర్థమయ్యే సంగతి. ఉదయరాజన్ దారం చూడలేదు. ఆయన ముఖం కెమెరా వైపు ఉంది, చెయ్యి బల్ల వైపు వెళ్ళింది, దొరికింది తీసింది.

ఎడమ కనుబొమ్మ మీద చీలింది. నెత్తురు కంట్లోకి దిగి చెంప మీదుగా బనీను మీదకి కారింది. కన్నాయిరం ఆగలేదు. 'కట్' వినపడేదాకా ఆగకూడదన్నది ఫైటర్ల కట్టుబాటు. కాలు విరిగినా సరే, మిగతా ముక్క ఆడి పడాల్సిందే. ఇంకా మూడు గుద్దులు బాకీ. ఒకటి కడుపులో, ఒకటి దవడ మీద, ఒకటి మెడ వెనక. మామూలుగా ఇవి తగలవు, తగిలినట్టు తినేవాడు తల విసురుతాడు. ఉదయరాజన్ సంగతి వేరు. ఆయనవి తగులుతాయి. ఆయన కొట్టిన దెబ్బల లెక్క తీస్తే రాయడానికి యూనియన్ ఆఫీసులో ఒక గోడ చాలదు. కన్నాయిరం మూడూ తిని, గిర్రున తిరిగి, సుద్దతో గీసిన గుర్తు మీదే చెక్కపెట్టెల మధ్య పడ్డాడు.

అప్పుడైనా దర్శకుడు పరాంకుశం కట్ చెప్పాలా? చెప్పలేదు. నెత్తురు సిమెంటు మీద మడుగు కట్టేదాకా కెమెరా తిప్పించి, ఆనక చెప్పాడు.

"అబ్బ! అబ్బబ్బ! ఏం పడిందయ్యా! ఈ ఒక్క షాటుకి కోయంబత్తూరులో కుర్చీలు విరగ్గొడతారు!"

"ఎవడ్రా గాజు సీసా పెట్టింది ఇక్కడ?" అని ఉదయరాజన్ అరిచాడు. వస్తువులు సర్దే వడివేలు పరిగెత్తుకొచ్చి, "సార్, దారం కట్టిన సీసా..." అనేలోపే చెంప పగిలింది. బల్ల మీద దారం కట్టిన మైనపు సీసా చెక్కుచెదరకుండా అలాగే ఉంది. అందరూ చూశారు. ఒక్కడూ చూపించలేదు.

ఏకాంబరం తువ్వాలు తీసుకుని గాయం మీద అదిమాడు. కన్నాయిరం ఒంటికన్నుతో పైకి చూసి, "షాట్ ఓకేనా అన్నా?" అని అడిగాడు.

"ఓకే రా బాబూ. నోరుమూసుకుని పడుకో."

మేనేజరు నాగలింగం కారిచ్చాడు. ఇచ్చేముందు సీటు మీద పాత గోనె పరిపించాడు. పెద్దాసుపత్రిలో మూడు కుట్లు వేసి, వారం రోజులు తడపొద్దనీ, ఎనిమిదో రోజు వచ్చి తీయించుకోమనీ చీటీ రాసిచ్చారు.

*

మంగళవారం కన్నాయిరం కట్టుతో వచ్చాడు. రాకపోతే ఎలా? సినిమాలో అది అదే రాత్రి జరిగే కథ. గోడౌనులో తన్నులు తిన్న రౌడీ ఆ తరవాత పోలీసాఫీసరు చేతికి చిక్కి పెద్దదొంగ పేరు కక్కాలి. ఆ పేరు కక్కే పని మొదట ఇంకెవరికో రాసిపెట్టి ఉంది. పరాంకుశం రాత్రంతా కూర్చుని దాన్ని కన్నాయిరానికి మార్చాడు.

"ఒరే కన్నాయిరం, నీకు క్లోజప్ రా! రెండు పేజీల డైలాగు! ఆ గాయంతో, ఆ నెత్తురుతో, లైటు ఇలా ముఖం మీద పడుతుంటే నువ్వు మాట్లాడాలి. మేకప్పుతో వచ్చేది కాదది."

పద్దెనిమిదేళ్ళలో జనం చూసింది కన్నాయిరం వీపు, అరికాళ్ళు, గాల్లో తిరిగే నడుము. పెళ్ళాం అంజలైని సినిమాకి తీసుకెళ్తే, "ఏదయ్యా నువ్వు?" అని ఆమె అడగడం, "అదిగో, మెట్ల మీంచి దొర్లేవాడు," అనడం, ఆమె చూసేసరికి దొర్లడం అయిపోవడం. ఇది వాళ్ళింట్లో పెద్ద హాస్యం.

"సార్... నిజంగానా సార్?" అన్నాడు.

"నిజమే గాని, ఈ కట్టేమిటి? విప్పు."

విప్పితే కింద మూడు నల్లకుట్లు. పరాంకుశం ముఖం మాడిపోయింది. "ఓరి నీ! ఎవడు కుట్టమన్నాడు? గంట క్రితం తగిలిన దెబ్బకి కుట్లుంటాయా? నిన్న తెరుచుకున్న గాయం ఇవాళ మూసుకుంటే కంటిన్యూటీ ఏమైపోవాలి?"

ఏకాంబరం ముందుకొచ్చాడు. "కుట్ల మీద మైనం పరిచి పైన గాయం కడతాను సార్. తెలీదు."

"ఎంతసేపు?"

"మైనం మెత్తబరచాలి, దూది పొరలు పెట్టాలి, ఆరాలి. మూడు గంటలు ఇవ్వండి సార్."

"మూడు గంటలు!" పరాంకుశం చుట్టూ చూశాడు, సాక్ష్యం కోసం అన్నట్టు. "ఫైటరుకి మేకప్ మూడు గంటలు! బయట ఉదయరాజన్ సార్ కూర్చుని ఈగలు తోలుకోవాలా? నీకు అరగంట. అరగంటలో అవుతుందా?"

అవుతుందని అనలేకపోయాడు, అవదని గట్టిగా నిలబడలేకపోయాడు. ఆ 'లేకపోవడం' తరవాత ఏకాంబరాన్ని చాలా పీడించింది గాని, ఆ నిమిషంలో అతను చేసిన పనల్లా పెట్టె మూత వేయడం, తీయడం. ఇంట్లో నలుగురు ఆడపిల్లలూ, యాభై దాటిన వయసూ, కొత్త మేకప్ కుర్రాళ్ళు గేటు దగ్గర క్యూ కట్టడమూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"కుట్లు తీసేద్దాం అన్నా," అన్నాడు కన్నాయిరం.

"నీకు మతి పోయిందా? కంటి మీద దెబ్బరా అది!"

"ఎన్ని తినలేదు? తీసెయ్యి. మళ్ళీ వేయించుకుంటా. క్లోజప్ మళ్ళీ వస్తుందా చెప్పు?"

ఏకాంబరం మీసాలు కత్తిరించే చిన్న కత్తెర తీసి స్పిరిట్లో ముంచాడు. కన్నాయిరం కుర్చీ చేతులు పట్టుకుని తల వెనక్కి వాల్చాడు. మొదటి కుట్టు తేలిగ్గా వచ్చింది. రెండోది పీకుతుంటే చర్మం లేచి, సన్నగా నెత్తురు ఊరింది. మూడోది లోతుగా ఉంది. దారం చేతికందక రెండుసార్లు జారింది. కన్నాయిరం పళ్ళ మధ్యనుంచి ఊపిరి పీల్చాడు. ఇరవై ఆరేళ్ళుగా సినిమా రాణులకి బొట్లు పెట్టిన వేళ్ళతో ఏకాంబరం దారం కొస ఒడిసిపట్టాడు. కత్తిరించి లాగాడు. వచ్చిందనుకున్నాడు. గాయం నోరు తెరిచింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

ఆ మధ్యాహ్నం కన్నాయిరం మాట్లాడాడు. కుర్చీకి కట్టేసిన మనిషి, ఒక కన్ను నెత్తురుతో మూసుకుపోయి, రెండో కంటితో ఆఫీసర్ని చూస్తూ, "నన్ను కొట్టినవాడి పేరు అడుగు చెప్తా, నాకు అన్నం పెట్టినవాడి పేరు అడగొద్దు," అన్నాడు. మొదటి టేకే. ఆ డైలాగులో ఉదయరాజన్ మూడు చెంపదెబ్బలు కొట్టాలి. మూడూ తగిలాయి. మూడో దెబ్బకి గాయం ఇంకాస్త చీలింది. పైన లైట్లు పట్టుకున్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళు ఊరికే కొట్టే రకం కాదు.

*

బుధవారం కూడా అదే సీను, వేరే కోణంలో. పొద్దున వచ్చేసరికి గాయం అంచులు ఎండి పసుపురంగుకి తిరిగాయి. ఆ రంగు పనికిరాదు, నెత్తురు తాజాగా ఉండాలి. ఏకాంబరం దూదితో గీకి తెరిచాడు. మధ్యాహ్నం ఇంకోసారి తెరిచాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నారు పెద్దలు. ఆ రోజు ఫ్లోర్లో ఉన్న కాకులన్నింటిలోకీ పుండు పొడిచే ముక్కు తనదేనని ఏకాంబరానికి తెలుసు.

"కన్ను గుంజుతోంది అన్నా. లోపల్నుంచి."

"సాయంత్రం ఆసుపత్రికి పోదాం."

సాయంత్రం షూటింగు ఎనిమిదింటిదాకా సాగింది. ఆసుపత్రి అనే మాట అటే పోయింది.

గురువారం రషెస్ చూశారు, అప్పటిదాకా తీసిన ముక్కలన్నీ తెర మీద వేసుకుని. అయిదుగురే లోపల. ఏకాంబరం తలుపు దగ్గర. తెర మీద కన్నాయిరం ముఖం గోడంత వచ్చింది. ప్రొడ్యూసరు మామగారు, ఆయిల్ మిల్లు ఆసామి, సినిమాల్లో ఓనమాలు తెలియనివాడు, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవరబ్బా ఇతను? కడుపు తరుక్కుపోతోంది!"

లైట్లు వెలిగాయి. ఉదయరాజన్ సిగరెట్టు ముట్టించి, మెల్లగా అన్నాడు. "పరాంకుశం సార్, ఒక్క సందేహం. జనం వచ్చేది ఎవర్ని చూడ్డానికి?"

"అదేం మాట సార్? మిమ్మల్నే."

"మరి వాళ్ళు ఏడవాల్సింది ఎవరి కోసం? నేను కొట్టేవాణ్ణి, వాడు దెబ్బలు తినేవాడు. రేపు టిక్కెట్టు కొనే ఆడవాళ్ళంతా నన్ను కసాయివాడంటారు. ఒక పని చెయ్యండి. దొంగలే నన్ను పట్టుకోనీండి. సీసా నా తల మీద పగలనీండి. కుర్చీలో నేను కూర్చుంటాను. ఆ డైలాగు, అన్నం పెట్టినవాడి మాట... అది కాస్త మార్చి నాకివ్వండి. బాగుంది అది."

పరాంకుశాన్ని మరీ తిట్టనక్కర్లేదు. ఆ సీను ఆయన రాత్రంతా కూర్చుని రాసుకున్నది. కాని అప్పులవాళ్ళకంటే గట్టిగా నెత్తిన నిలబడేది హీరో ఇచ్చే కాల్షీటు. "గాయం...?" అన్నాడు.

"ఏకాంబరం ఉన్నాడుగా," అన్నాడు ఉదయరాజన్, తలుపు వైపు చూడకుండానే.

*

శుక్రవారం పొద్దున మేకప్ గదిలో ఉదయరాజన్ పెద్ద కుర్చీలో వాలాడు. రెండు ఫ్యాన్లు, మంచుముక్కలేసిన గ్లాసు నిమ్మరసం. పక్కనే ముక్కాలిపీట మీద కన్నాయిరం.

అతన్ని రప్పించింది పరాంకుశమే. "నిజమైన గాయం పక్కనుంటే చూసి దించడానికి వీలు. కదలకుండా కూర్చోబెట్టు."

కన్నాయిరం ముఖం ఎడమసగం కందగడ్డలా ఉబ్బింది. రెప్ప తెరుచుకోవడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. పొద్దున చద్దన్నం నీరాగారం తాగితే కక్కేశానన్నాడు. తన డైలాగు ఇక తనది కాదని అతనికి రాత్రే తెలిసింది. గేటు దగ్గర వడివేలు చెప్పాడట.

"ఆసుపత్రికి పోకుండా ఎందుకొచ్చావురా?" ఏకాంబరం గొంతు తగ్గించి అడిగాడు.

"కారు పంపారు అన్నా. కారు పంపితే రానా?" అని నవ్వబోయాడు. సగం ముఖమే నవ్వింది.

ఏకాంబరం పని మొదలెట్టాడు. ఒకసారి మైనం చేతికొస్తే ఇంకేం గుర్తుండదు అతనికి. అదే అతని గొప్ప, అదే అతని పాపం. మెత్తబరిచిన మైనం కనుబొమ్మ మీద పరిచాడు. దూది పోగులు ఒక్కొక్కటీ జిగురుతో అంటించాడు. పక్కకి తిరిగి కన్నాయిరం గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పుకుని చూశాడు, మళ్ళీ ఇటు తిరిగాడు. ఆ అంచు ఎలా చుట్టుకుందో, ఆ లోపలి రంగు ఎక్కడ నలుపుకి తిరిగిందో అన్నీ దించాడు. పదకొండింటికి పరాంకుశం తొంగిచూసి, "తొందరేం లేదు, ఆరనీ. అందరికీ టిఫిను చెప్పాను," అన్నాడు. పన్నెండయింది. ఉదయరాజన్ కునుకు తీశాడు. ఫ్లోర్లో నలభై మంది చేతులు ముడుచుకు కూర్చున్నారు. ఎవరూ గడియారం చూడలేదు.

పన్నెండున్నరకి అయింది. పరాంకుశం వచ్చి, కెమెరామాన్ని పిలిపించి, దగ్గర లెన్సు పెట్టి చూపించాడు. ఆయన ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి, "ఇందులో ఏది నిజమయ్యా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఉదయరాజన్ అద్దంలో ముఖం అటూ ఇటూ తిప్పుకుని, "భేష్ ఏకాంబరం," అన్నాడు.

పెద్ద అద్దం అది. అందులో రెండు ముఖాలూ కనిపిస్తున్నాయి. కన్నాయిరం మంచి కంటితో దానికేసి చాలాసేపు చూశాడు.

"అన్నా," అన్నాడు. "అయితే అవుతుందన్నమాట."

"ఏమిటిరా?"

"మైనంతో. క్లోజప్పులో కూడా. అవుతుందని నీకు ముందే తెలుసా?"

ఏకాంబరం బ్రష్షు కడగడం మొదలెట్టాడు. తెలుసు. ఆ సంగతి అతనికి ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. మంగళవారం, "అరగంటలో అవదు, మూడు గంటలు ఇవ్వాల్సిందే," అని ఇంకొక్కసారి అని ఉంటే? తిట్టేవారు. తోసేసేవారు. బహుశా ఇచ్చేవారు కూడా.

"ఏయ్, నోరుమూసుకుని కూర్చో," అన్నాడు ఉదయరాజన్. "డైలాగు గుర్తు తెచ్చుకుంటున్నాను."

కన్నాయిరం సరేనన్నట్టు తలూపాడు. ఊపిన తల ఆగకుండా ముందుకి వాలిపోయింది. ముక్కాలిపీట మీంచి పక్కకి ఒరిగి, బల్ల అంచుకి ముఖం కొట్టుకుని నేల మీద పడ్డాడు. గాయం మీదే పడ్డాడు. చీమూ నెత్తురూ కలిసి నిమ్మరసం గ్లాసు పక్కదాకా చిందింది. పద్దెనిమిదేళ్ళలో సుద్దగుర్తు లేనిచోట పడడం అదే మొదలు.

"ఛీ! నా బట్టల మీద పడుతుంది, లాగండి అవతలకి!" ఉదయరాజన్ కాలితో అతని భుజాన్ని నెట్టాడు.

ఏకాంబరం ఆ కాలు పట్టుకున్నాడు. మొక్కడానికి కాదు. పట్టుకుని పక్కకి విసిరాడు. కుర్చీ గిర్రున తిరిగి అద్దానికి గుద్దుకుంది. అతను కన్నాయిరం చంకల్లో చేతులేసి లేపాడు. వడివేలు పరిగెత్తుకొచ్చి కాళ్ళు పట్టుకున్నాడు.

"ఏకాంబరం! లైట్ల కింద పది నిమిషాల్లో మైనం కారిపోతుంది! టచప్ ఎవరు చేస్తారు?" పరాంకుశం కేక.

"కారనీండి సార్."

*

ఆసుపత్రిలో మొదట పోలీసు కేసన్నారు. రౌడీ వాలకం, గళ్ళ బనీను, ముఖమంతా నెత్తురు. సినిమావాళ్ళమని చెప్పేసరికి నర్సు, "ఎవరి సినిమా?" అని అడిగి, ఆనక స్ట్రెచరు తెచ్చింది.

కబురంది అంజలై పరుగున వచ్చింది. చేపలబుట్ట సందు చివర ఎవరికో అప్పజెప్పి, అదే చేతులతో వచ్చింది. మొగుణ్ణి చూసి ఒక్క శోకం పెట్టి, ఏకాంబరం రెండు చేతులూ పట్టుకుంది.

"అన్నా, నువ్వు లేకపోతే ఆ ముదనష్టపువాళ్ళు అక్కడే చావనిచ్చేవాళ్ళు. నా తోడబుట్టినవాడైనా ఇంత చెయ్యడన్నా. నీ పిల్లలు చల్లగా ఉండాలి."

ఆ చేతుల్లోంచి తన చేతులు ఎలా తీసుకోవాలో అతనికి తెలియలేదు.

డాక్టరు కుర్రవాడు. గాయం కడిగి, దీపం దగ్గరగా లాక్కుని, చాలాసేపు లోపల వెతికాడు. సన్నపట్టకారుతో ఏదో లాగి తెల్లటి దూది మీద పెట్టాడు. సగం బియ్యపుగింజంత నల్లదారం.

"చీము కంటి వెనక్కి పోయింది. ఈ కన్ను ఇక రాదు. రెండోది నిలబెట్టగలమేమో చూస్తాం." కన్నాయిరం మొలలో దోపుకున్న పాత చీటీ తిప్పి చూశాడు. "సోమవారం మూడు కుట్లు వేశారు. ఉంచుకుంటే వారంలో మానిపోయే దెబ్బ ఇది. కుట్లేవి?"

అంజలై మొగుడికేసి చూసింది. కన్నాయిరం మంచం మీంచి, నీరసంగా అన్నాడు. "ఊడిపోయాయి సార్. ఫైటింగులో."

"ఊడిపోతే ఇలా ఉండదు. ఇది కత్తెర కోసిన కొస. తీసినవాడు సగం లోపలే వదిలేశాడు. ఎవడు వాడు?"

"నేనే సార్. దురదగా ఉంటే నేనే..."

"నీ కంటి మీది కుట్టు నువ్వే కత్తిరించుకున్నావా?"

కన్నాయిరం ఇంకో అబద్ధం చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఏకాంబరానికి ఊరుకునే వీలుంది. మంగళవారం లాగే. పెట్టె మూత వేసి తీసినంతసేపు ఊరుకుంటే చాలు.

"నేను తీశాను," అన్నాడు.

డాక్టరు తలెత్తాడు. "నువ్వెవరు? కాంపౌండరువా?"

"మేకప్ మాన్ని. మీసాల కత్తెరతో తీశాను. తియ్యకుండానే చేసే విద్య నాకు తెలుసు. అయినా తీశాను."

అంజలై మెల్లగా అతని పక్కనుంచి జరిగి, మంచానికీ అతనికీ మధ్య వచ్చి నిలుచుంది. తిట్టలేదు. నోరున్న మనిషి, చేపల బజారులో ఆమె నోటికి పోలీసులు కూడా తప్పుకుంటారు. అతన్ని పట్టుకున్న తన చేతుల్ని చీరకి తుడుచుకుంది.

వెనకనుంచి కన్నాయిరం గొంతు వచ్చింది.

"అంజలై, పక్కకి తప్పుకో. అన్నని పోనీ. హీరో సార్ ముఖం మీది మైనం ఈపాటికి కారిపోయుంటుంది పాపం. అక్కడ సర్దేవాళ్ళెవరూ లేరు."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఏకాంబరం వెతుక్కున్నాడు. ఎంత వెతికినా లేదు. నర్సు వచ్చి బయటికి నడవమంది, మంచం చుట్టూ తెర లాగింది.